అక్క చెప్పిన బావి రాకాసి కథ

పన్నెండు, పదమూడేళ్ల పిల్లల కోసం పాత కథలు తిరగరాసే పని నాకు చాలా ఆలస్యంగా దొరికింది. అప్పటికే బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసింది. మొదట రాసిన కథను తీసుకెళ్లి ఇస్తే, అచ్చువేసే పెద్దమనిషి శ్రద్ధగానే చదివాడు. చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "బాగుందమ్మా, కానీ చివర్లో రాకాసిని చంపెయ్యండి. లేకపోతే పిల్లలు భయపడతారు" అన్నాడు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

ఆ కథ నా సొంతం కాదు. మా అవ్వ చెప్పింది. మా అక్క మార్చింది. ఎందుకు మార్చిందో ఆయనకు చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

మాది నల్లగొండ జిల్లాలో గుట్టల మధ్య ఊరు. ఎర్ర చల్క నేలలు. వానలు పడితే జొన్నలు, పడకపోయినా ఎంతో కొంత ఆముదాలు. ఊరి మధ్యలో దొర గడి. దాని గోడమీది నుంచి చూస్తే మా వాడంతా కనిపించేది, మా వాడ నుంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. బాపు గడిలో నాగలి కట్టే జీతగాడు. అమ్మ కూలికి పోయేది. నాకు ఊహ తెలిసేసరికి అవ్వకు, అంటే బాపు తల్లికి, పళ్లన్నీ ఊడిపోయాయి. అక్క నాకన్నా మూడేళ్లు పెద్దది.

ఆముదాలు కోతకొచ్చినప్పుడు ఇంటికొకరు గడికి వెట్టికి పోవాలి. కూలి లేదు, కూడు లేదు. ఎండిన కాయలు కుప్పలు పోసి ఉండేవి. ఆడపిల్లలమంతా వరసగా కూర్చుని కర్రలతో కొట్టి గింజలు రాల్చేవాళ్లం. పొట్టు గుచ్చుకుని వేళ్లు పగిలేవి. మా ఇంటి తరఫున అక్క పోయేది. ఒక్కదాన్ని పంపడం ఇష్టం లేక అవ్వ తోడు వెళ్లేది. వాళ్లిద్దరూ పోతే ఇంట్లో నన్ను చూసేవాళ్లు లేరు కనక నేనూ వెనకే.

అక్కడే అవ్వ కథలు చెప్పేది. పగలు కథ చెబితే ఊరికి పోయిన మేనమామ దారి తప్పుతాడని మావైపు ఒక మాట ఉంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే అవ్వ, "ఈ ఊర్లకెల్లి బయటికి పోయిన మేనమామ ఎవ్వడున్నడే తప్పిపోనీకి?" అనేది.

బావి రాకాసి కథను అవ్వ రెండు రకాలుగా చెప్పేది.

చిన్నపిల్లలకు చెప్పేది ఒకటి. ఒక ఊళ్లో ఒక్కటే బావి. అందులోకి ఒక రాకాసి వచ్చి కూర్చుంది. అమాసకొక ఆడపిల్లను తనకు పనికి పంపితేనే నీళ్లు తోడుకోనిస్తానంది. ఊరివాళ్లు పంపుతూ వచ్చారు. చివరికి ఒక పేదింటి పిల్ల వంతు వచ్చింది. ఆ పిల్ల గట్టుమీద కూర్చుని ఏడుస్తుంటే గుర్రమ్మీద రాజకొడుకు వచ్చాడు. రాకాసిని నరికాడు. పిల్లను పెళ్లాడాడు. ఊరంతా బూరెల భోజనం. ఆ బూరెల దగ్గర అవ్వ ఎంతసేపైనా ఆగేది, మాకు నోట్లో నీళ్లూరేదాకా.

అక్కకు పదమూడో ఏడు వచ్చాక ఒక మధ్యాహ్నం అవ్వ ఆ ఈడు పిల్లలను నలుగురైదుగురిని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. "ఇగ మీకు గా చిన్నపోరగాండ్ల కథ సాలదు. అసలుది చెప్త ఇనుండ్రి" అంది. నన్ను పొమ్మనలేదు. నేను చిన్నదాన్నన్న సంగతి మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఊరుకుందో తెలీదు.

ఆ కథలో కూడా రాజకొడుకు వచ్చాడు. గుర్రం దిగాడు. దాహమైందన్నాడు. రాకాసి బావిలోంచి చల్లని నీళ్లు చేద నిండా పంపింది. తాగి మూతి తుడుచుకుని, "మంచి బావి" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. పిల్ల ఒక్కతే బావి మెట్లు దిగింది. లోపల తనకన్నా ముందు వచ్చిన పిల్లల గాజుముక్కలు కాళ్లకు తగిలాయి.

"గప్పుడు గా పిల్ల ఏడ్వలేదు బిడ్డా" అంది అవ్వ. "ముందుగాల చూస్కున్నది. రాకాసి ఎప్పుడు పంటది, ఎప్పుడు లేస్తది, ఎప్పుడు కోపమొస్తది, అన్ని చూస్కున్నది. కూడు పెడితే వద్దనకుంట తిన్నది, బలం పోతదని. ఒక్కతే ఎన్నడు పండలే, పనోళ్ల నడుమ పండింది. రాకాసి నవ్వితే నవ్వలే. పిలిస్తే ఇంకొకర్ని ఎంట తీస్కొని పోయింది."

"తర్వాత ఏమైందవ్వా?" అంది అక్క.

"ఇంక బావిలనే ఉన్నది. ఎట్ల బతకాల్నో నేర్సుకుంటాంది."

మిగతా పిల్లలు మొహాలు చిన్నబుచ్చుకుని కర్రలు అందుకున్నారు. అక్క మాత్రం సాయంత్రం ఇంటికి నడిచే దారంతా అవ్వను వదల్లేదు. బావికి మెట్లు ఉన్నాయి కదా, ఎక్కి ఎందుకు రాలేదంది. పైకి వస్తే ఊరోళ్లే మళ్లీ దింపుతారంది అవ్వ.

అక్కకు కథ ఒకసారి వింటే చాలు, పట్టుబడేది. అవ్వకు లేని గొంతు అక్కకుంది. రాకాసి మాట బొంగురుగా, రాజకొడుకు మాట దర్జాగా, గుర్రం సకిలింపు అచ్చం గుర్రంలా. మరుసటి ఏడు ఆముదాలు కొట్టేటప్పుడు అవ్వకు దగ్గు పట్టి మాట రాకపోతే కథలు అక్కే చెప్పింది. పిల్లలు కర్రలు ఆపి మరీ విన్నారు. గడి జవాను వచ్చి అదిలించబోయి తానూ నిలబడిపోయాడు.

దొర బిడ్డ కూడా అక్క ఈడుదే. అందరం చిన్నదొరసాని అనేవాళ్లం. గడి దాటి బయట కాలు పెట్టనిచ్చేవాళ్లు కారు. తనతో ఆడుకునేవాళ్లు లేరు. ఆమె మొదట కిటికీలోంచి వింది. తర్వాత అరుగుమీదికి వచ్చి కూర్చుంది. తర్వాత అక్కను అరుగు కిందకి పిలిపించుకుంది. "మల్లొకటి చెప్పు" అనేది. ఒక బెల్లపుముక్క ఇచ్చేది. అక్క ఆ ముక్కను కొంగున కట్టుకుని తెచ్చి నాకు పెట్టేది. ఆ ఏడాది అక్కకు కాయలు కొట్టే పని తగ్గింది, వేళ్లు మానాయి. అమ్మ సంతోషపడింది. అవ్వ కూడా కాస్త మురిసింది. చిన్నదొరసానికి అక్క ఎప్పుడూ రాజకొడుకు గెలిచే కథే చెప్పేది. ఆ పేదింటి పిల్లను కూడా రాజకూతురుగా మార్చి చెప్పేది, వినే మనిషి అరుగుమీద ఉంది కనక.

మరుసటి ఎండాకాలం చిన్నదొరసానికి పెళ్లి కుదిరింది. పాలమూరు దిక్కు, నల్లమల అడవి మొదలయ్యే చోట ఒక పెద్ద గడి. దొరల పిల్ల అత్తారింటికి పోతే వెంట ఆడబాపలను పంపడం ఆచారం. ఆవులతో పాటు, ఇత్తడి బిందెలతో పాటు, పనికి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలను కూడా ఇచ్చేవాళ్లు. వాళ్లకు పెళ్లి ఉండదు. తిరిగి రావడం ఉండదు. ఆ గడిలో ఎవరు ఏం చేయమంటే అది చేయాలి.

జవాను మా గుడిసె ముందుకు వచ్చి బాపును పిలిచాడు. "నీ పెద్దపోరిని తయారుచెయ్యి. చిన్నదొరసాని ఎంట పోవాలె."

బాపు చేతిలోని ముల్లుకర్ర కిందపెట్టాడు. "నా పోరెందుకన్నా? గడిల పనోళ్లున్నరు గద."

"గామెనే అడిగింది. కథలు చెప్పే పిల్ల లేంది నేను పోనని ఏడుస్తాంది."

అమ్మ లోపలే గోడకు ఒరిగి కూర్చుండిపోయింది. అక్క పొయ్యి దగ్గర జొన్నపిండి గటక కలుపుతోంది. కలుపుతూనే ఉంది. అడుగంటిన వాసన వచ్చినా దించలేదు.

మర్నాడు పొద్దున అవ్వ గడికి వెళ్లింది. నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయింది. పెద్దదొరసాని వాకిట్లో పట్టుచీరలు ఆరేయిస్తోంది. అవ్వ దూరం నుంచే వంగి నేలకు చేయి తాకించింది.

"నీ బాంచెన్ దొరసాని. ఒక్క మాట."

"చెప్పు ముసల్దానా."

"నా మనవరాలికి వచ్చిన కథలన్ని నేను చెప్పినవే. దానికి రానియి నాకింక శానున్నయి. చిన్నదొరసాని ఎంట నన్ను తోలియ్యుండ్రి. దాన్ని ఇడ్సిపెట్టుండ్రి."

దొరసాని నిజంగానే నవ్వింది, కోపం లేకుండా. "నోట్ల పన్ను లేదు, నీ కథ ఎవరికి సమజైతది? గాడికి పొయ్యేసరికి సస్తవు నువ్వు. నీ పోరికి తిండికి బట్టకు కొదువుండది. నా బిడ్డ దాన్ని అక్కలెక్క చూస్కుంటది. పో."

అవ్వ కదల్లేదు. దొరసాని మళ్లీ చీరల వైపు తిరిగిపోయింది. జవాను వచ్చి అవ్వ భుజంమీద చేయి వేస్తే గానీ మేం అక్కడి నుంచి రాలేదు.

పెళ్లివాళ్లు కదిలే రోజు మధ్యాహ్నం అవ్వ అక్క తల దువ్వి నూనె పెట్టింది. జడ వేస్తూ బావి రాకాసి కథే మళ్లీ చెప్పింది. కానీ అది కథలా లేదు. రాకాసి ఎప్పుడు పడుకుంటుంది, ఎవరి నడుమ పడుకోవాలి, ఎవరిని వెంట తీసుకుపోవాలి, అంతా అప్పజెప్పినట్టు చెప్పింది. అక్క ప్రతి మాటకూ "ఊఁ" కొట్టింది. పల్లకి ముందు పోయింది, ఎడ్లబండ్లు వెనక, వాటి వెనక అక్క నడిచి పోయింది. వాడ చివర దాకా వెళ్లాం. అక్క వెనక్కి తిరిగి చూస్తే జవాను ఏదో అన్నాడు. మళ్లీ తిరగలేదు.

కొన్నేళ్లు గడిచాయి. అటునుంచి వచ్చే బండ్లవాళ్లను అడిగితే "బతికే ఉన్నది" అనేవాళ్లు, అంతకుమించి చెప్పేవాళ్లు కాదు. ఒక ఏడు శ్రీశైలం పోయే యాత్రికుల బండ్లు మా ఊరిమీదుగా వెళ్తుంటే, అవ్వ వాళ్ల కాళ్లావేళ్లా పడి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. కొంత బండెక్కి, ఎక్కువ నడిచి ఆ ఊరు చేరాం. ఆ గడి మా గడికన్నా పెద్దది. వెనకాల అంట్లు తోమే చోట మమ్మల్ని కూర్చోబెట్టారు.

అక్క గంగాళం ఎత్తుకుని వచ్చింది. మమ్మల్ని చూసి గంగాళం దించింది. దగ్గరికి రాలేదు. చిక్కిపోయింది. కుడిచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి, చర్మం ముడుచుకుపోయి ఉంది. అవ్వ ఆ చేయిని తన ఒళ్లోకి తీసుకుంది.

"ఎవరు బిడ్డా?"

"చిన్నదొరసాని."

అవ్వకు అర్థం కాలేదు. "గామె నిన్ను అడిగి తెచ్చుకున్నది గదా?"

అక్క మెల్లగా చెప్పింది, అటూ ఇటూ చూస్తూ. "ఆమె మొగడు మంచోడు కాదవ్వా. ఆమెనూ కొడ్తడు. నన్ను పిల్వంపుతడు. నేను పోకుంటె దెబ్బలు, పోతె ఆమెకు కోపం. నువ్వు చెప్పినట్టే చేసిన, ఒక్కదాన్నెన్నడు పోలే. ముసలి పనామెను ఎంట తీస్కపోతుంటిని. ఆమె పోయిన చలికాలం సచ్చిపోయింది."

అవ్వ ఆ కాలిన చేయిని తన కొంగుతో కప్పింది.

"పగలంత కథలు చెప్పుమంటది" అంది అక్క. "రాజకొడుకొచ్చేదే చెప్పుమంటది. చెప్తుంటె ఏడుస్తది. ఏడ్సినంక కొడ్తది. పొయ్యి ఊదే గొట్టం కాల్చి పెట్టింది గీడ."

మేం వచ్చిన సంగతి తెలిసి చిన్నదొరసాని లోపలికి పిలిపించింది. నేను ఆమెను గుర్తుపట్టలేదు. ఒంటినిండా బంగారం, కళ్లకింద నలుపు. అవ్వను చూసి మంచంమీద నుంచి లేచి కూర్చుంది. "మా ఊర్ల వానలు పడ్డయా? మా అమ్మ మంచిగున్నదా? గోడపక్క సీతాఫలం చెట్టు కాసిందా?" అని వరసగా అడిగింది. అవ్వ అన్నింటికీ బదులు చెప్పింది. తర్వాత ఆమె కథ చెప్పమంది. అవ్వ గడప దగ్గర కూర్చుని, పళ్లులేని నోటితో, రాజకొడుకు రాకాసిని నరికే కథ మొత్తం చెప్పింది, బూరెల భోజనంతో సహా. అక్క మంచం వెనక నిలబడి విసనకర్ర విసురుతోంది. కథ అయ్యాక అవ్వ చేతులు జోడించి, "నా పోరిని జర కొట్టకు దొరసాని" అంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

తిరుగుదారిలో అవ్వ ఒక చోట రాయిమీద కూలబడింది. "దానికి మంచి గొంతున్నదని మురిసిన. గా గొంతుకే తీస్కపోయిండ్రు" అంది. ఆ తర్వాత మా వాడలో ఎవరికీ అవ్వ కథ చెప్పలేదు. పిల్లలు వచ్చి అడిగితే యాదికి లేవనేది. రెండో ఏడు వానలకు ముందే పోయింది.

ఆ వెనక రోజులు పాడురోజులు. నైజాం తరఫున తుపాకులు పట్టుకున్న మనుషులు ఊళ్లమీద పడి ఇండ్లు తగలబెట్టారు. బాపును చింతచెట్టుకు కట్టి కొట్టారు, దొరలమీద తిరగబడ్డ సంఘం వాళ్లకు కూడు పెట్టావని. మూడో రోజు రక్తం కక్కి చనిపోయాడు. అమ్మా నేనూ గుట్టల్లో దాక్కుని దొండాకులు ఉడకబెట్టుకుని తిన్నాం. వానాకాలం పోతూండగా సైన్యం వచ్చిందని, నైజాం దిగిపోయాడని చెప్పుకున్నారు. దొరలు అప్పటికే గడులు వదిలి పట్నం పారిపోయారు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అక్క నడిచి వచ్చింది. అక్కడి గడిలో ఎవరూ లేరట. దొర జీపెక్కి వెళ్లిపోతే పనివాళ్లు ఎటువాళ్లు అటు పోయారట. అడవి దారిలో చెంచులు తేనె, గడ్డలు పెట్టి ఊరిదాకా దారి చూపించారట. గుమ్మంలో నిలబడి, "అవ్వ ఏదే?" అంది. అమ్మ ఏడిస్తే తెలుసుకుంది. బాపు సంగతి తర్వాత తనే అడిగింది. ఏడవలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి నాలుగు రోజులు ఒకటే నిద్రపోయింది.

వాడలో పిల్లలకు అక్క పేరుమీద ఒక మాట మిగిలి ఉంది, బ్రహ్మాండంగా కథలు చెబుతుందని. ఒక పొద్దున వాళ్లంతా వచ్చి వాకిట్లో కూర్చున్నారు. వాళ్లలో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లలే ఎక్కువ. అక్క పొమ్మంది. వాళ్లు పోలేదు. చివరికి చేట పక్కన పెట్టి బావి రాకాసి కథ ఎత్తుకుంది. గొంతులో ఆ విసురు లేదు. రాకాసి బొంగురు మాటా లేదు, గుర్రం సకిలింపూ లేదు. అంతా ఒకే గొంతుతో చెప్పింది. రాజకొడుకు రావడం, నీళ్లు తాగి పోవడం, పిల్ల మెట్లు దిగడం, అన్నీ అవ్వ చెప్పినట్టే. అవ్వ ఆపిన చోట మాత్రం ఆగలేదు.

"గట్ల శాన ఏండ్లు బతికింది. ఒక ఏడు కరువొచ్చింది. బావి ఎండింది. నీళ్లు లేకుంటె రాకాసికి గాడ ఏం పని? లేసి పోయింది. పిల్ల మెట్లెక్కి ఇంటికొచ్చింది."

"రాకాసిని ఎవరు సంపిండ్రక్కా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఎవ్వరు సంపలే."

"మరి ఏడున్నది?"

"నాకెరుక లేదు. ఎరుకైతె మీకు చెప్తనే."

ఆ అడిగిన పిల్లే లేచి అక్క చేట అందుకుని జొన్నలు చెరగడం మొదలుపెట్టింది. ఆ కథను అచ్చువేసే పెద్దమనిషికి నేను ఇచ్చింది ఇలాగే. చివర మార్చనని కబురు పంపితే, కొన్నాళ్లు ఊరుకుని, అలాగే వేశాడు.

అక్క తిరిగొచ్చిన ఆ చలికాలంలోనే చిన్నదొరసాని మా ఊరి గడికి తిరిగి వచ్చింది. సైన్యం వచ్చాక పెద్దదొరసాని పట్నం నుంచి అప్పటికే వచ్చేసింది. మొగుడు పట్నంలో ఎక్కడో ఉన్నాడని, ఈమెను తల్లిదగ్గర దింపి పోయాడని అన్నారు. గడిలో పాత పనివాళ్లలో ముసలి జవాను ఒక్కడే మిగిలాడు. అతను ఒకరోజు మా గుడిసె ముందుకు వచ్చాడు. ఈసారి కేక వేయలేదు. దడి బయటే నిలబడ్డాడు.

"చిన్నదొరసాని పిలుస్తాంది బిడ్డా. ఒక్కసారి వచ్చి పొమ్మంటాంది. పానం బాగలేదు. ఒక్క కథ చెప్పిపోతె సాలంటాంది."

అమ్మ అక్క చీర కొంగు పట్టుకుంది. "పోయిరా బిడ్డా, మల్ల ఏం లొల్లైతదో" అంది. అక్క గోడకు ఎర్రమట్టి అలుకుతోంది. చేతులు మోచేతిదాకా మట్టి. మట్టిలో ఆ కాలిన మచ్చ కనిపించడం లేదు.

"నాకు కథలు రావని చెప్పు" అంది.

"గట్లనకు. గామె ఏడుస్తాంది."

"ఏడ్వనీ."

జవాను నెత్తిమీది రుమాలు సర్దుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ పగలంతా వాకిట్లోనే కూర్చుని దారి చూసింది. గడి నుంచి మనుషులు వస్తారని, జుట్టు పట్టి ఈడ్చుకుపోతారని. పొద్దు గుట్ట వెనక్కి పోయింది. పశువులు ఇళ్లకు వచ్చాయి. ఎవరూ రాలేదు. అక్క అలకడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, అమ్మను లోపలికి రమ్మని పిలిచింది.